స్లాబు భోజనం

పాపను నిద్రపుచ్చి రాయడానికి కూర్చున్నాను. తెర అవతల మా అత్తమ్మ ఇంకా మేలుకునే ఉంది. ఏం రాయబోతున్నానో సాయంత్రమే చెప్పేశాను. "పాలు తాగే పిల్ల ఉన్న ఇంట్ల సావు ముచ్చట రాస్తరా ఎవరన్న?" అంది. "నేను రాస్తా" అన్నాను. అప్పటినుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. పాప దగ్గితే మాత్రం ఇద్దరం ఒకేసారి లేస్తున్నాం.

నిజానికి భయం ఆమెకన్నా నాకే ఎక్కువ. పాప ఊపిరి తీస్తోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే రకాన్ని. ఇప్పుడు కూడా రెండుసార్లు చూసి వచ్చాను. అయినా రాస్తాను. చావు పేరెత్తకపోతే అది మన గుమ్మం దాటి పోతుందని నమ్మే ఇళ్ళలో ఆరేళ్ళు తిరిగాను. అది ఎప్పుడూ దాటి పోలేదు.

జ్ఞాపకాలు రాయడం రిటైరైన పెద్దమనుషుల పని. నాకు ముప్పై ఒకటి. నాకెవరూ సన్మానం చేయలేదు, శాలువా కప్పలేదు. పాప పుట్టాక ఉద్యోగం మానేశాను, అంతే. ఆసుపత్రులు ఇక నయం కాదని ఇంటికి పంపేసిన రోగులను వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి చూసుకునే ఒక చిన్న బృందంలో సోషల్ వర్కర్‌గా చేశాను. ఈమధ్య ఆ బృందంలో మన గల్లీల నుంచే ఇద్దరు అమ్మాయిలు చేరారు. "అక్కా, మీరు బాగా చేసిన కేసు ఒకటి రాసివ్వండి, నేర్చుకుంటాం" అని ఫోన్ చేశారు. బాగా చేసిన కేసు నుంచి నేర్చుకునేది పెద్దగా ఉండదమ్మా. చెడగొట్టబోయింది ఒకటుంది. అది చెప్తాను.

నేను కామాటిపురలో, తెలుగు కూలీలు వచ్చి స్థిరపడిన గల్లీల్లో పుట్టాను. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ, ఆ తర్వాత కాలేజీ. బృందంలో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి తెలుగు ఇల్లు ఏదొచ్చినా నాకే ఇచ్చేవాళ్ళు. నాకు దాని గురించి గర్వంగా ఉండేది. మనవాళ్ళ గురించి నాకు ఒకరు చెప్పాలా అనుకునేదాన్ని. అసలు తప్పు అక్కడే మొదలైంది.

నాతో వచ్చే సిస్టర్ మరాఠీ ఆవిడ, నర్సుగా ముప్పై ఏళ్ళు పైబడిన అనుభవం. ఆమెది మందుల సంచీ, నాది కాగితాల సంచీ. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే చాల్ మెట్లెక్కుతూ ప్రతి అంతస్తులోనూ ఆగి ఒకరిని తిట్టేది. మొదటి అంతస్తులో తన మోకాళ్ళను, రెండో అంతస్తులో ఆ మెట్లు కట్టినవాణ్ణి, మూడో అంతస్తులో నన్ను.

నేను చెప్పబోయే అవ్వ ఉండేది మూడో అంతస్తులోనే. ఒకటే గది, ముందు అందరూ నడిచే గ్యాలరీ. డెబ్భై దాటిన మనిషి. పదిహేనేళ్ళప్పుడు పాలమూరు నుంచి వచ్చి, ఈ నగరంలో కట్టడాల దగ్గర తలమీద తట్టలు మోసి మోసి మెడ నరాలు తాళ్ళలా తేలిన మనిషి. గర్భసంచిలో మొదలైన క్యాన్సర్ ఎముకల దాకా పాకింది. కొడుకు ఒక ఆఫీసు బిల్డింగులో లిఫ్టుమన్. కోడలు ఇంట్లోనే చీరలకు ఫాల్ కుడుతుంది. వాళ్ళకు బడికి వెళ్ళే కూతురు ఒకతె.

మొదటిరోజు కొడుకు నన్ను గ్యాలరీలోకి తీసుకుపోయి గొంతు తగ్గించాడు.

"మేడమ్, అమ్మకు చెప్పలేదు. కడుపుల పుండు అన్నం. మీరు గూడ గదే చెప్పండి."

సరేనన్నాను. మా ఫారంలో 'రోగి కోరిక' అని ఒక గడి ఉంటుంది. పెన్ను పట్టుకుని, "ఊరికి పోవాలని ఉంటుంది కదా ఆమెకు?" అన్నాను. చూడండి, జవాబు నేనే అందించాను.

"ఉండదా మేడమ్? మా నాయన గోరి ఆడనే ఉన్నది. పక్కన జాగ గూడ ఉన్నది."

రాసేశాను: 'సొంత ఊరికి వెళ్ళి, అక్కడే కన్ను మూయాలి.' ఒక నిమిషం కూడా పట్టలేదు. అవ్వ తెరిచిన తలుపుకు పది అడుగుల లోపల, మంచం మీద, మెలకువగా ఉంది.

ఈ తప్పు నేను చేయడం ఎంత సిగ్గుచేటో చెప్పాలంటే మా నాన్న గురించి చెప్పాలి. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా పోయాడు. మనలో మనిషి పోయాక పిట్టకు పెడతారు కదా. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో వడ్డించి, దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకొచ్చి మాటిస్తారు. మా నాన్న విస్తరి దగ్గరికి కాకి రాలేదు. అమ్మ మాటిచ్చింది. బాబాయి మాటిచ్చాడు. చివరికి ఎవరో నన్ను ముందుకు తోస్తే, "చదువు ఆపను నాన్నా" అన్నాను. కాకి వచ్చింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాకు మాత్రం ఏళ్ళ తరబడి అదే ఆలోచన. నా మాటకు వచ్చిందా, బాబాయి మాటకా, లేక దానికి ఆకలేసిందా? మూడు నెలలు మంచం మీద ఉన్న మనిషిని ఒక్కరోజైనా అడగలేదు మేం. పోయాక కాకిని అడిగాం.

ఈ సంగతే ఇంటర్వ్యూలో చెప్పి ఉద్యోగం తెచ్చుకున్నాను. తెచ్చుకుని, అవ్వ ఇంటికి వెళ్ళి, అవ్వను అడగలేదు.

ఇంకో చిన్న తప్పు కూడా చేశాను. సంచీలోంచి ఒక కాగితం తీసి కోడలికి ఇచ్చాను. ఏం తినాలో, ఏం తినకూడదో మరాఠీలో రాసిన కాగితం. కారం వద్దు, నూనె వద్దు, మాంసం వద్దు. కోడలు దాన్ని స్టవ్ పైన గోడకు అన్నం మెతుకులతో అంటించింది. నేను చెప్పిన ఏ మాటా ఎవరూ అంత శ్రద్ధగా పాటించలేదు.

అత్తాకోడళ్ళ మధ్య రోజూ ఇదే సంభాషణ.

"ఇది అన్నమా, గోడకేసే సున్నమా?"

"డాక్టర్లు రాసిచ్చిన్రు. తిను."

"నీ చేతి గంజి తాగి తాగి సగం సచ్చిన."

"మిగిలిన సగం నీ కొడుకు సూస్కుంటడు. ఇటు తిరుగు."

ఇటు తిరుగు అనడం ఊరికే కాదు. ఎముకల నొప్పితో కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. కోడలు జాకెట్టుకు సూది గుచ్చుకుని, ఒడిలో చీర పక్కన పెట్టి లేచేది, తిప్పేది, వీపు తుడిచేది, మళ్ళీ వచ్చి కుట్టేది. నాలుగు నెలల్లో అవ్వ ఒంటిమీద ఒక్క పుండు పడలేదు. సిస్టర్ ఆ వీపు చూసి, "మా వార్డులో కూడా ఇంత బాగా చూడరు" అంది మరాఠీలో. నేను తెలుగులో చెప్పాను. అవ్వ మూతి తిప్పింది. "వీపు మంచిగనే ఉన్నది, నాలికెనే సచ్చింది."

ఆ మాట నేను నవ్వుకుని వదిలేశాను. వినలేదు.

అప్పటికి నాకు ఐదో నెల. ఎవరికీ చెప్పకుండానే అవ్వ కనిపెట్టింది.

"కడుపుతోని ఉన్నవ్ గదా బిడ్డా? రోగాల ఇండ్లల్ల తిరుగుతవా?"

"ఉద్యోగం కదా అవ్వా."

"మీ అత్త ఏం అంటలేదా?"

"అంటుంది."

"అననీ. నేనింక సావలే గదా. సచ్చినంక రాకు."

పక్కనున్న కొడుకు ఉలిక్కిపడ్డాడు. 'సచ్చినంక' అనే మాట ఆమె నోట రావడం అదే మొదలు. పుండేనమ్మా, తగ్గిపోతుంది అన్నాడు. అవ్వ అతన్ని చాలాసేపు చూసింది. పైఅంతస్తు స్లాబు లేకుండానే రంగు వేస్తున్నవాణ్ణి చూసినట్టు చూసింది.

తర్వాతి రెండు వారాల్లో ఆమె బాగా క్షీణించింది. కొడుకు ఊరికి ఏర్పాటు చేశాడు. శనివారం సాయంత్రం స్లీపర్ బస్సు, పద్దెనిమిది గంటల ప్రయాణం. నేను డాక్టరుగారి దగ్గర ప్రయాణానికి ఉత్తరం రాయించాను. దారిలో ఇవ్వాల్సిన నొప్పి గోళీలు కవర్లలో వేసి, ఏది ఎప్పుడో పైన రాశాను. చాలా పద్ధతిగా చేశాను. తప్పు దారిలో కూడా ఎంత పద్ధతిగా నడవచ్చో ఆ కవర్లు చూస్తే తెలిసేది.

శనివారం పొద్దున సిస్టర్, నేను వెళ్ళాం. గదిలో సంచులు కట్టి ఉన్నాయి. మంచం పక్కన అవ్వ కొత్త చీర. కొడుకు ఊరివాళ్ళతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నెల రోజుల తర్వాత ఆమెను కూర్చుని ఉండగా చూడటం. తనే లేపమందట.

నేను ఉత్తరం చూపించాను. "ఇది దగ్గర పెట్టుకోండి, దారిలో అవసరమైతే..."

"ఏం కాయిదం అది?" అంది అవ్వ.

"నువ్వు ఊరికి పోతున్నావు కదా అవ్వా. దానికి."

"పోతున్ననని ఎవరు చెప్పిన్రు?"

కొడుకు ఫోన్ ఆపేశాడు. నేను సంచీలో వెతికి, నా తెలివి అంతా ఉపయోగించి, ఫారం తీశాను. "ఇదిగో, నీ కోరికే కదా. రాసి ఉంది."

"సదువు."

చదివాను. సొంత ఊరికి వెళ్ళి, అక్కడే కన్ను మూయాలి.

కన్ను మూయడం గురించి ఆ గదిలో ఎవరూ అంత స్పష్టంగా మాట్లాడి ఉండరు. నేనే, కాగితం చూసి, బడిపిల్లలా చదివాను. కొడుకు రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు.

"ఇది ఎవరి కోరిక?" అంది అవ్వ.

నేను ఫారం మడవబోయాను.

"నిన్నే. ఎవరిని అడిగి రాసినవ్?"

"నీ కొడుకును."

"అయితే వాణ్ణి తీస్కపోండ్రి. వాడే పోయి సావాలె ఊర్ల."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపేమో అనుకున్నాను. నవ్వు.

"అమ్మా, గట్ల మాట్లాడకు" అన్నాడు కొడుకు. "నాయన పక్కన జాగ చూసి పెట్టిన్రు. అందరు ఎదురు చూస్తున్నరు."

"మీ నాయన పక్కన పండుకునుడు బతికున్నప్పుడే అయిపోయింది. సాలు. ఈడ నేను తట్టలు మోస్తుంటే ఆయన ఊరికి పోయి చెట్టు కింద చుట్ట తాగిండు. ఇప్పుడు పోయి ఆయనకు తోడు పండుకోవాల్నా? జాగ చూసి పెట్టినోళ్ళనే ఆ గుంతల పండుకోమను."

"చాల్ల ఎట్లనమ్మా? ఈ మెట్లు చూసినవా? రోజంత మందిని పైకి కిందికి లిఫ్టుల తీస్కపోత నేను. మా అమ్మను దించేటందుకు..." అతను ఆగిపోయాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఇన్నాళ్ళూ అతని భయం దేని గురించో. ఊరు కాదు, గోరి కాదు. ఇరుకు మెట్లు. మలుపుల దగ్గర అమ్మ శవాన్ని నిలువుగా ఎత్తాల్సి వస్తుందని.

అవ్వకూ అర్థమైంది. గొంతు తగ్గించింది. "ఇసొంటి మెట్ల మీద సిమెంటు మోసిన బిడ్డా నేను. నలభై ఏండ్లు. నన్ను దించేటందుకు నలుగురు దొరకరా? నాల్గు తట్టల బరువు లేను ఇప్పుడు."

తర్వాత నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు. సదువుకున్నదానివి. సస్తున్ననా, లేదా?"

మీరు ట్రైనింగులో నేర్చుకుంటారు, ఈ ప్రశ్న వస్తే ఏం చేయాలో. కూర్చోవాలి, కళ్ళలోకి చూడాలి, ఆమెకు ఎంతవరకు తెలుసో ముందు అడగాలి. నాకు అవేవీ గుర్తు రాలేదు. కడుపులో పాప కదిలింది. అదే మొదటిసారి స్పష్టంగా తెలియడం. ఇలాంటప్పుడు కదులుతావా అనిపించింది. కొడుకు నావైపు దండం పెడుతున్నట్టు చూస్తున్నాడు. సిస్టర్‌కు తెలుగు రాదు, అయినా ఏం అడిగిందో తెలిసిపోయింది. 'చెప్పు' అన్నట్టు గడ్డం ఎత్తింది.

"అవునవ్వా" అన్నాను.

"ఎన్నొద్దులు?"

"సరిగ్గా తెలియదు. నెలలు కాదు. వారాలు, ఇంకా తక్కువ కూడా కావచ్చు."

ఆమె తల ఊపింది. ఏడవలేదు, గుండెలు బాదుకోలేదు. ఎవరో తన చేతికి తన వస్తువే తిరిగి ఇచ్చినట్టు తీసుకుంది. కొడుకు మాత్రం గోడవైపు తిరిగి భుజాలు ఊగేలా ఏడ్చాడు.

"ఏడువకు. నాలుగు నెలల సంది నువ్వు చెప్పే ఝూట్ నమ్మినట్టు నటించి యాష్టకొచ్చింది. అన్ని దినాలు నీ కోసం నేనే మోసిన ఆ బరువు."

అప్పుడు, నాలుగు నెలల తర్వాత, మంచం పక్కన నేలమీద కూర్చుని అడిగాను. "అవ్వా, నీకేం కావాలి?"

ఆ ప్రశ్న ఆమెను ఎవరైనా ఎప్పుడైనా అడిగారో లేదో. ఆమె స్టవ్ పైన ఉన్న కాగితం వైపు వేలు చూపించింది.

"ముందుగాల అది పీకు."

కోడలు నావైపు చూసింది. నేను సిస్టర్ వైపు చూశాను. సిస్టర్ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం చదివింది. "అగ, ఇది కీమో తీసుకునేవాళ్ళది కదా! ఈమెకు ఎవరిచ్చారు?"

"నేనే."

సిస్టర్ నన్ను మూడో అంతస్తులో ఎప్పుడూ తిట్టేదానికన్నా గట్టిగా తిట్టింది. ఆ తిట్లు తర్జుమా చేయమంది అవ్వ. చేశాను. చాలా తృప్తిగా విన్నది. కోడలు కాగితం పీకింది. మెతుకులు గట్టిపడి, దానితో పాటు కాస్త సున్నం కూడా ఊడింది.

"ఇప్పుడు చెప్త, రాస్కో" అంది అవ్వ. "స్లాబు తెలుసా నీకు?"

తెలియదన్నాను. కూలీల ఇళ్ళ మధ్య పుట్టి కూడా నిజంగానే తెలియదు.

"స్లాబు నాడు పొద్దుగాల సిమెంటు కలిపే మిషను స్టార్ట్ అయితది. ఇంగ ఆపొద్దు. మధ్యల ఆపితే అతుకు పడుతది, ఆడ జన్మంత నీళ్ళు కారుతయ్. వాన రానీ, కాలు ఇరగనీ, తట్ట ఎనక తట్ట పోవాలె. ఆఖరి తట్ట పడ్డంక మిషను బందయితది. చెవులల్ల ఒక్కసారి ఏం ఇనపడది. అప్పుడు పని చేయించే ముకాదం కూర గంజులు దింపిస్తడు. మటన్, జొన్నరొట్టె, ఎర్రగ కారం. ఆఖరి తట్ట ఎవరు మోసిందో ఆమెకు మొదటి పళ్ళెం. కూలీలను తిట్టే ముకాదం గూడ ఆమె తిన్నంకనే తింటడు."

ఊపిరి అందక ఆగింది. కోడలు వీపు నిమరబోతే చెయ్యి తోసేసింది.

"నా స్లాబు అయిపోవస్తున్నది. అన్నం తిననియ్యకుంట బస్సెక్కిస్తరా? నేను పోయినంక విస్తరి నిండ పెట్టి, కాకీ కాకీ, మా అమ్మకేం కావాలె అని అడుగుతరు. కాకికేం ఎరుక? దానికి మటన్ కావాలె. నన్ను అడుగుండ్రి. ఈడనే ఉన్న గదా!"

ఫారంలో ఆ గడి కొట్టేసి, పక్కన రాశాను: 'ఊరికి వెళ్ళను. స్లాబు భోజనం కావాలి.' మా ఆఫీసులో పై అధికారి ఆ మాటకు అర్థమేమిటని తర్వాత అడిగాడు. వివరంగా చెప్పాను. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

కొడుకు గ్యాలరీలోకి వెళ్ళి ఊరికి ఫోన్ చేశాడు. అవతలివాళ్ళు చాలా అరిచారు. మాకు కూడా వినిపించింది. చివరికి అతను కూడా అరిచాడు. "రానంటున్నది! నేనేం చెయ్యాలె? మీరొస్తే రండ్రి, రేపు మటన్ ఉన్నది!"

మర్నాడు ఆదివారం. నాకు సెలవు, అయినా వెళ్ళాను. మా అత్తమ్మకు గ్రాంట్ రోడ్‌లో బట్టలు కొనాలని చెప్పి వెళ్ళాను. అవ్వ మంచాన్ని తలుపు దగ్గరికి జరిపారు. ఆ అంతస్తులోని వాళ్ళంతా గ్యాలరీలో వరసగా కూర్చున్నారు, నవ్వాలో ఏడవాలో తెలియని ముఖాలతో. అవ్వ వాళ్ళను కాసేపు చూసి, "సావు ఇల్లు గాదు ఇది, స్లాబు. మొఖాలు సక్కగ పెట్టుకోండ్రి" అంది.

కోడలు మొదటి పళ్ళెం తెచ్చింది. నాలుగు నెలల గంజికి వడ్డీ అన్నట్టు ఎర్రగా, నూనె తేలుతూ ఉంది. అవ్వ నాలుగు ముద్దలు తిన్నది. నాలుగే. తర్వాత మూలిగ బొక్క ఒకటి తీసుకుని అరగంట జుర్రింది. ఆ అరగంటా ఎవరూ తినలేదు. కొడుకు పళ్ళెం ముందు కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉన్నాడు. చివరికి ఆమె బొక్కను పళ్ళెంలో టక్కుమని వేసి, "ఇంగ తినుండ్రి" అంది.

కూర ఎట్లుందని కోడలు అడిగింది.

"ఉప్పు తక్కువైంది."

"నాకెరుక, మంచిగున్నది అనవని."

"మంచిగలేదు అన్ననా?"

ఆమె నోటి నుంచి కోడలికి దొరికిన మెప్పు అంతే. కోడలు దాన్ని ఎంత జాగ్రత్తగా తీసుకుందో నేను చూశాను.

సోమవారం పొద్దున్నే కోడలి ఫోన్. వాంతి అయిందట. నావల్లే అనుకున్నాను. "ఇప్పుడెలా ఉంది?" అన్నాను. "మిగిలిన కూర వేడి చెయ్యమంటున్నది అక్కా. ఏం చెయ్యాలె?"

తొమ్మిది రోజుల తర్వాత, పొద్దున, కోడలు పక్కకు తిప్పుతుండగా ఆమె ప్రాణం పోయింది. నొప్పి లేదు. నలుగురు కాదు, గల్లీ మొత్తం వచ్చింది దించడానికి. మలుపుల దగ్గర ఒకరి చేతుల నుంచి ఒకరి చేతులకు అందుకుంటూ, ఎక్కడా ఆగకుండా, నిలువుగా ఎత్తకుండా, పడుకున్నది పడుకున్నట్టే దించారని కొడుకు తర్వాత చెప్పాడు. ఆ సమయానికి నేను స్కానింగుకు వెళ్ళి వరసలో కూర్చుని ఉన్నాను.

మూడో రోజు పిట్టకు పెడుతున్నామని కోడలు కబురు చేసింది. సచ్చినంక రాకు అని అవ్వ అన్న మాట గుర్తుంది. మా అత్తమ్మ అయితే తలుపుకు అడ్డం నిలబడింది. "కడుపుతోని ఉన్నోళ్ళు పోరు" అంది. నేను పోతానన్నాను. ధైర్యవంతురాలినని ఎవరూ అనుకోవద్దు. ప్రతి మెట్టుకూ కడుపు మీద చెయ్యి వేసుకుంటూ దిగాను.

చాల్ డాబా మీద విస్తరి పెట్టారు. మటన్, రొట్టె, పక్కన చిన్న గ్లాసులో కల్లు. కామాటిపుర కాకులు చేతిలో బిస్కెట్టు ఉంటే ఎత్తుకుపోయే రకం. ఆ రోజు నీళ్ళ టాంకీ మీద వరసగా కూర్చుని చూస్తూ ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు.

మనవరాలిని బాగా చదివిస్తామని ఎవరో మాటిచ్చారు. రాలేదు. సంవత్సరీకం ఘనంగా చేస్తామన్నారు. రాలేదు. ఎండ ఎక్కింది. ఊరి నుంచి వచ్చిన బంధువుల్లో ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఎట్ల ముడతది? ఊరికి తీస్కపోకపోతిరి. కట్టుకున్నోని పక్కన పెట్టకపోతిరి. ఆమె ఆత్మ తిరుగుతనే ఉంటది."

అందరూ కొడుకు వైపు చూశారు. కొందరు నావైపు చూశారు. ఆ ఫారం రాసింది, కొట్టేసింది నేనే కదా. మా నాన్న విస్తరి గుర్తొచ్చింది. నేను తప్పు చేశానా? ఆమె అడిగింది నిజంగా ఇదేనా? ఎవరిని అడగను ఇప్పుడు? చూడండి, నేను కూడా టాంకీ వైపు, ఆ కాకుల వైపే చూస్తున్నాను.

కొడుకు ముందుకు నడిచాడు. ముఖం పాలిపోయి ఉంది. చేతులు జోడించి, "అమ్మా, నీ మట్టి ఊరికి..." అనబోయాడు.

"ఆగు" అంది కోడలు.

వచ్చి విస్తరి ముందు నిలబడింది. జాకెట్టుకు సూది అట్లాగే ఉంది.

"అత్త కడుపు నింపుకుని పోయింది. తన నోటితోని అడిగింది, తన నోటితోని తిన్నది, బొక్క గూడ ఇడిసిపెట్టలే. మీరందరు చూసిన్రు. ఇంక పిట్ట ముట్టేదానికి ఏం మిగిలింది?"

"తప్పు బిడ్డా, గట్ల అనొద్దు..." అన్నాడు పెద్దాయన.

"ఎవరికి తప్పు మామా? నాలుగు నెలలు రెండు గంటలకోపాలి తిప్పిన. పొద్దున తిప్పుతుంటెనే నా చేతుల పోయింది. ఆఖరి తట్ట మోసింది నేను." ఆమె డాబా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. విస్తరిని తన ముందుకు లాక్కుంది. "మొదటి పళ్ళెం నాది."

ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. కోడలు రొట్టె తుంచి, కూరలో ముంచి, నోట్లో పెట్టుకుంది. నమిలింది. డాబా మీద ఏమీ వినిపించలేదు. అవ్వ చెప్పిన, మిషను బందైనప్పటి నిశ్శబ్దం బహుశా అదేనేమో.

"ఉప్పు సరిపోయింది" అంది టాంకీ పైన ఆకాశం వైపు చూసి. అప్పుడు కళ్ళనీళ్ళు కారాయి. తుడుచుకోలేదు, తింటూనే ఉంది. కొడుకు కాసేపు నిలబడి, వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. తనూ ఒక ముక్క తుంచాడు.

కోడలు తలెత్తి నావైపు చూసింది. పక్కనున్న ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకున్నారు. కడుపుతో ఉన్నదానివి, ఆ విస్తరి దగ్గరికి పోకు అన్నారు. ఒకామె నన్ను మెట్లవైపు లాగుతోంది కూడా.

"వాళ్ళను ఇడిసిపెట్టు అక్కా" అంది కోడలు. "నిన్నే అడుగుతున్న. తింటవా?"

కడుపు మీద చెయ్యి వేసుకున్నాను. లోపల పాప గట్టిగా ఒక తన్ను తన్నింది. చెయ్యి విడిపించుకుని, నడిచి వెళ్ళి, ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"మూలిగ బొక్క ఉందా?" అన్నాను.